వీపు నేలకు ఆనాక: ఏ గార్డు ఎవరికి?

కుస్తీ గోదాలో వీపు మట్టికి తాకితే ఆట అయిపోయినట్టే. ఎన్నికల్లో ఓడినవాడిని కూడా ‘చిత్తయ్యాడు’ అంటాం. కొండపి వైపు నుంచి మా దగ్గరికి జుజిట్సు నేర్చుకోవడానికి వచ్చిన కబడ్డీ కుర్రాడి ఒంట్లో ఇదే ఇంకిపోయి ఉంది. మొదటి రోజు ఎవరు పడదోసినా, వెల్లకిలా పడిన మరుక్షణం బోర్లా తిరిగేవాడు. బోర్లా తిరిగినవాడి వీపెక్కి మెడ చుట్టూ చేయి వేయడం ఎంత తేలికో అరగంటలో ఆరుసార్లు తెలుసుకున్నాడు. ఏడోసారి లేచి కూర్చుని అడిగాడు.

“అన్నా, అయితే వెల్లకిలానే పడుకోవాలా?”

“పడుకోకూడదు తమ్ముడూ. వెల్లకిలా ఉండి పోట్లాడాలి. దాన్నే గార్డు అంటారు.”

కొత్తవారి కోసం రెండు మాటలు. బ్రెజిలియన్ జుజిట్సులో, అంటే గుద్దులు లేకుండా నేల మీద పట్లతో పోరాడే ఆటలో, కిందివాడు తన కాళ్లను తనకూ పైవాడికీ మధ్య అడ్డం పెట్టుకుని పోరాడే స్థితి గార్డు. పైవాడు ఆ కాళ్లను దాటి వచ్చి స్థిరపడితే అతనికి 3 పాయింట్లు. కిందివాడు అతన్ని తిరగేసి పైకి వస్తే 2 పాయింట్లు, దాన్ని స్వీప్ అంటారు. ఏదైనా 3 సెకన్లు నిలబెట్టుకుంటేనే లెక్క. ఈ లోపు ఎవరి గొంతో, మోచేయో చిక్కి చేత్తో తట్టి ఒప్పుకుంటే పాయింట్లతో పనే లేదు.

గార్డుల పేర్లు వినడం మొదలుపెడితే పెళ్లి భోజనంలో వంటకాల్లా వస్తూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఫోనులో ఒక వీడియో చూపించి “ఇది మంచిదా?” అని అడుగుతాడు. వీడియోలో అన్నీ మంచివే, ఎందుకంటే అందులో అన్నీ పనిచేస్తాయి. నేను చూసేది ఇంకొకటి: ఆ గార్డు చెదిరిపోయినప్పుడు మీరు ఎక్కడ తేలతారు? ఏ గార్డూ ఎల్లకాలం నిలవదు. చెదిరాక చేతిలో ఇంకో అడ్డు మిగిలేది కొన్నింటిలో. చెదిరితే నేరుగా ఎదుటివాడి బరువు కింద నలిగిపోయేది కొన్నింటిలో. మోకాలికి కట్టు మిగిల్చేవీ ఉన్నాయి. మీ శరీరం, వయసు, మీతో సాధన చేసేవాళ్లు, ఇవన్నీ చూసుకుని ఏ నష్టం భరించగలరో తేల్చుకుంటే ఎంపిక చాలావరకు అయిపోయినట్టే.

మా సంగతి చెప్పాలి కాబట్టి చెబుతాను. నెల్లూరులో ఒక మిత్రుడి మేడ మీద రేకుల షెడ్డు, అందులో మ్యాట్లు, ఏడెనిమిది మందిమి. నెలకోసారి ఆదివారం రైలెక్కి చెన్నై వెళ్లి నేర్చుకుని వస్తాం, మిగతా రోజుల్లో దాన్ని ఒకరి మీద ఒకరం పిసుకుతాం. నేను శిక్షకుడిని కాను. ఆరేళ్లుగా కింద పడుతున్నవాడిని, అంతే.

క్లోజ్డ్ గార్డు

రెండు కాళ్లనూ పైవాడి నడుము చుట్టూ వేసి, అతని వీపు వెనక మడమలు మెలివేయడం. అందరికీ ముందు నేర్పేది ఇదే, నేర్పడమూ సబబే. పైవాడు ఎంతో కష్టపడి ఆ ముడి విప్పినా అతనికి ఒక్క పాయింటూ రాదు. విప్పాక మీ మోకాళ్లు, పాదాలు ఇంకా అతని ముందే ఉంటాయి. బయటి తలుపు పోయినా లోపలి తలుపు ఉంది. కొత్తవాడికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే చాలామంది ముడి వేసి హమ్మయ్య అనుకుని అక్కడే ఆగిపోతారు. ఎదుటివాడు వెన్ను నిటారుగా పెట్టి, చేతులు మీ తుంటి మీద ఆనించి కూర్చున్నాడంటే మీ క్లోజ్డ్ గార్డు తాళం వేసిన ఖాళీ ఇల్లు. అతని వెన్ను వంగితేనే మీ పని మొదలవుతుంది. ఒట్టి చేతులతో లాగితే వంగదు. మోకాళ్లను మీ ఛాతీ వైపు లాక్కోండి, అతని బరువు ముందుకు ఒరుగుతుంది. ఆ క్షణంలో కాలరో మెడ వెనక భాగమో అందుకోవాలి. ఆ తర్వాత నడుమును కొంచెం పక్కకు తిప్పి అతనికి ఏటవాలుగా పడుకోవాలి. ఎదురెదురుగా ఉండి చేసే దాడుల్లో సగానికి పైగా బలప్రదర్శనలే.

మొదటి ఆరు నెలలకు నేను చెప్పేది ఒక్క మూడు ముక్కల ఆట. అతను వెనక్కి వాలి నిటారుగా కూర్చుంటే మీరూ లేచి తుంటితో ఢీకొట్టి పక్కకు పడేయండి. పడకుండా అతను చేయి నేలకు ఆనించాడా, ఆ మణికట్టు పట్టుకుని చేతిని వీపు వెనక్కి మెలిపెట్టండి, అది కిమురా. చేయి ఆనించకుండా తలతో మిమ్మల్ని వెనక్కి నెట్టాడా, మెడ మీ చంకలోకి దానంతట అదే వచ్చింది, ముంజేత్తో గొంతు బిగించండి, అది గిలటిన్. అతను ఏం చేసినా మీ దగ్గర జవాబు ఉంటుంది. 1951లో రియోలో, బ్రెజిలియన్ జుజిట్సు మూలపురుషుల్లో ఒకరైన హీలియో గ్రేసీ చేయి విరిచిన జపాన్ జూడో వీరుడు కిమురా మసాహికో పేరే ఆ పట్టుకు మిగిలింది. ఓడించినవాడి పేరును ఓడినవారి శిష్యులు ఇన్నేళ్లుగా గౌరవంగా పలకడం నాకు భలే ఇష్టమైన విషయం.

ఈ గార్డు మహిమకు పాత సాక్ష్యం 1994 డిసెంబరులో జరిగిన నాలుగో యూఎఫ్‌సీ పోటీ, అన్ని రకాల యుద్ధవిద్యలవాళ్లూ తలపడేది. హీలియో కొడుకు రాయిస్ గ్రేసీ, తనకంటే ఎంతో బరువైన మల్లయోధుడు డాన్ సెవర్న్ కింద పదిహేను నిమిషాలకు పైగా ఉండి, చివరికి ట్రయాంగిల్‌తో, అంటే కాళ్ల మధ్య మెడనూ ఒక చేతినీ ఇరికించి, లొంగదీశాడు. అయితే అక్కడ కాలపరిమితి లేదు. తెల్ల బెల్టు, అంటే కొత్తవారి స్థాయి, పెద్దల పోటీ 5 నిమిషాల్లో ముగుస్తుంది. రాయిస్ ఓపిక పట్టినంతసేపు మీరు పడితే అప్పటికి ఇంటికి వచ్చి స్నానం కూడా చేసి ఉంటారు.

ఇది ఎవరికి నప్పదు? మా బృందంలో చీమకుర్తి గ్రానైట్ వ్యాపారం చేసే ఒక అన్న ఉన్నారు, 96 కిలోలు. ఆయన నడుము చుట్టూ నా కాళ్లు వేస్తే మడమలు కలవడమే గొప్ప. కలిసినా తొడలు రెండు నిమిషాల్లో వణుకుతాయి. పొట్టి కాళ్లు ఉన్నవాళ్లు, తమకంటే బాగా లావుపాటివాళ్లతో రోజూ తలపడేవాళ్లు క్లోజ్డ్ గార్డును నేర్చుకోవాలి గానీ దాని మీదే ఆధారపడకూడదు. సన్నగా పొడుగ్గా ఉన్నవాళ్లయితే వేరే ఆలోచనే వద్దు, ఇక్కడే ఏడాది ఉండండి.

హాఫ్ గార్డు

ఇక్కడ నాకు పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను.

పైవాడి ఒక్క కాలిని మాత్రమే మీ రెండు కాళ్ల మధ్య బిగిస్తే అది హాఫ్ గార్డు. చాలాకాలం దీన్ని సగం ఓడినట్టుగానే చూశారు. రొబెర్టో కొరెయా అనే బ్రెజిల్ ఆటగాడు మోకాలి గాయంతో మామూలు గార్డు వేయలేక, దిక్కులేక ఇక్కడే ఉండి ఉండి, దీన్ని దాడి చేసే చోటుగా మార్చాడు. అతని ముద్దుపేరు గోర్డో, పోర్చుగీసులో లావుపాటివాడని అర్థం. దెబ్బతిన్న మోకాలు, లావుపాటి ఒళ్లు ఉన్నవాడు ఈ విద్యకు ఆద్యుడంటే మధ్యవయసులో మ్యాట్ ఎక్కిన నాలాంటివాళ్లకు అంతకంటే ధైర్యం ఏముంటుంది! నాకు 34వ ఏట షటిల్ ఆడుతూ ఎడమ మోకాలు తిరిగింది. అప్పటి నుంచీ ఇదే నా ఇల్లు.

హాఫ్ గార్డులో మొదటి నియమం: వీపు నేలకు పూర్తిగా ఆనకూడదు. పక్కకు తిరిగి ఉండాలి. పైనున్న మోకాలు అతని ఛాతీకి అడ్డంగా పెడితే అతని బరువు మీ ఎముక మీద పడుతుంది, మీ ఊపిరి మీద పడదు. రెండోది: అతని చంక కిందికి మీ చేయి దూరాలి, దీన్ని అండర్‌హుక్ అంటారు. ఆ చేయి దూరిందంటే మీరు మోకాళ్ల మీదికి లేవవచ్చు, వీపు పట్టుకోవచ్చు, లేదా అతని పాదం అందుకుని దొర్లించవచ్చు. దూరలేదంటే మీరు చేస్తున్నది ఊపిరి బిగబట్టి గంట కొట్టేదాకా ఎదురుచూడటమే.

పైవాడి ఆయుధం క్రాస్‌ఫేస్. మెడ కింద నుంచి చేయి పోనిచ్చి, భుజంతో మీ దవడను అవతలికి తిప్పేస్తాడు. ముక్కుతాడు చేతిలో ఉంటే ఒంగోలు గిత్త కూడా తల తిప్పిన వైపే తిరుగుతుంది, మనమెంత? ముఖం తిరిగితే భుజం నేలకు ఆనుతుంది, భుజం ఆనితే అండర్‌హుక్ పోతుంది, ఆపైన అతను కాలు లాక్కోవడానికి ఎంతో సేపు పట్టదు. కాబట్టి నేను కొత్తవాళ్లకు స్వీప్ కంటే ముందు దీన్నే నేర్పిస్తాను: అతని దండచేయి కండను అరచేతితో ఆపడం, తలను అతని ఛాతీ కిందికి దాచుకోవడం. వారం రోజులు ఇదొక్కటే. విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి.

దీనికి తోడుగా తుంటిని వెనక్కి జరిపే కదలిక ఒకటి ఉంది. ఇంగ్లీషులో దాని పేరు ష్రింప్, అంటే రొయ్య. ముడుచుకుని ఒక్కసారిగా వెనక్కి చిమ్ముకుంటుంది కదా, అదే కదలిక. నెల్లూరు జిల్లాలో దీన్ని బొమ్మ గీసి వివరించక్కర్లేదు. కావలి దగ్గర రొయ్యల గుంటల్లో పనిచేసే తమ్ముడు మొదటి రోజే మా అందరికంటే బాగా చేశాడు. ఇంతకాలం వలలో చూసిందాన్ని మ్యాట్ మీద చేశాడంతే.

హాఫ్ గార్డు చెదిరితే నష్టం పెద్దదే. మధ్యలో ఇంకో గోడ లేదు. మోకాలి అడ్డు కూలితే నేరుగా అతని ఛాతీ కింద ఉంటారు, 3 పాయింట్లు అతనికి. కాని కూలడం ఒక్కసారిగా జరగదు. ముందు భుజం, తర్వాత అండర్‌హుక్, ఆ తర్వాత మోకాలు, ఇలా మెట్టుమెట్టుగా జారతారు. ప్రతి మెట్టు దగ్గరా సరిదిద్దుకునే వీలు ఉంటుంది. వేగం తగ్గిన వయసువారికి ఈ నెమ్మది ఒక వరం.

బటర్‌ఫ్లై గార్డు

పడుకోవడం ఇష్టంలేనివారికి ఇది. కూర్చుని, రెండు పాదాల పైభాగాలనూ అతని తొడల లోపలికి కొక్కేల్లా పెట్టి, తల అతని గడ్డం కింద ఉంచి పోరాడతారు. ఒక చేయి అండర్‌హుక్‌లో, రెండో చేతితో అతని మోచేతినో మణికట్టునో బంధించాలి. ఆ బంధించిన వైపుకే పక్కకు పడాలి, ఎందుకంటే ఆపుకోవడానికి అటు అతనికి చేయి లేదు. పడుతూ రెండో వైపు పాదంతో తొడను ఎత్తేస్తే మనిషి దొర్లిపోతాడు. వెనక్కి పడితే మాత్రం అతన్ని మీరే ఛాతీ మీదికి పిలిచినట్టు. మా గ్రానైట్ అన్నను నేను కదిలించగలిగిన గార్డు ఇదొక్కటే. సంక్రాంతి రోజుల్లో పల్లెల్లో బండలాగుడు పోటీలు చూసినవారికి తెలుసు, బండ కదలాలంటే బలం కంటే ముందు అదను కుదరాలి. ఆయన ముందుకు తోస్తున్న క్షణంలోనే ఎత్తాలి, ఆయన వెనక్కి కూర్చున్నాక ఎవరి తరమూ కాదు.

ఏడీసీసీ అనే అంతర్జాతీయ పట్ల పోటీలో 77 కిలోల విభాగంలో నాలుగుసార్లు బంగారం గెలిచిన మార్సెలో గార్సియా ఈ గార్డుకు పెట్టింది పేరు. అవి గీ, అంటే సాధనలో తొడుక్కునే మందపాటి కోటులాంటి దుస్తులు, లేకుండా ఆడే పోటీలు. పట్టుకోవడానికి బట్ట లేని చోట కూడా చంక ఉంటుంది, తొడ ఉంటుంది.

చెదిరినప్పుడు? ఛాతీ మీద తోసి మిమ్మల్ని వెల్లకిలా పడేస్తే కొక్కేలు ఒక్కసారిగా చచ్చుబడతాయి. హాఫ్ గార్డులోలా మెట్లు ఉండవు. కానీ ఒక కాలిని బిగించి హాఫ్ గార్డులోకి జారుకోవచ్చు, అందుకే ఈ రెండింటినీ జంటగా నేర్చుకోమంటాను. నడుము నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఆలోచించుకోండి, ముందుకు వంగి కూర్చుని పోరాడటం వెన్ను కింది భాగాన్ని బాగా అలసిపోయేలా చేస్తుంది.

డెలారివా, స్పైడర్ వగైరా

బ్రెజిల్ ఆటగాడు రికార్డో డె లా రివా పేరుతో వచ్చిన గార్డులో, నిలబడి ఉన్నవాడి ముందు కాలికి బయటి నుంచి మీ కాలు చుట్టి, మడమ చేత్తో పట్టుకుంటారు. స్పైడర్‌లో గీ చేతుల అంచులు పట్టుకుని పాదాలు అతని దండచేతుల మీద పెడతారు. చూడటానికి రెండూ అందంగా ఉంటాయి. నిలబడి దాటాలని చూసేవాడికి తలనొప్పి తెప్పిస్తాయి. కాని చెదిరితే ఎదుటివాడు అప్పటికే మీ కాళ్ల పక్కకు వచ్చేసి ఉంటాడు. డెలారివాలో చుట్టిన కాలి మోకాలు మెలితిరిగే ప్రమాదం ఉంది. స్పైడర్ వేళ్ల కీళ్లను తినేస్తుంది, కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాళ్లకు సోమవారం ఉదయం ఆ సంగతి తెలుస్తుంది. రెండేళ్లు అయ్యాక రండి వీటి దగ్గరికి. ముందే వస్తానంటే మీ ఇష్టం.

ఎండ, చెమట, గీ

మన దగ్గర ఎంపికను మార్చేది వాతావరణం కూడా. మే నెలలో మా రేకుల షెడ్డులో ఉదయం ఆరు దాటితే గీ తడిసి బరువెక్కుతుంది. కాబట్టి ఎండాకాలమంతా గీ లేకుండానే ఆడతాం. అప్పుడు స్పైడర్ అన్నమాటే ఉండదు. క్లోజ్డ్ గార్డు చెమటకు జారుతుంది, తల పట్టుకుని ఛాతీకి అతుక్కుపోతే తప్ప నిలవదు. హాఫ్ గార్డు, బటర్‌ఫ్లై రెండూ బట్ట లేకపోయినా నిలుస్తాయి. ఏడాదిలో నాలుగు నెలలు పనికిరాని గార్డు మీద మొదటి ఏడాది ఖర్చుపెట్టడం నాకు నష్టమనిపిస్తుంది. గీ వానాకాలంలో సరిగా ఆరక తామర అంటుకోవడం మా అందరికీ ఒక్కొక్కసారి అయింది. ప్రతి సాధన తర్వాత మ్యాట్ తుడవడం, వెంటనే స్నానం చేయడం తప్పనిసరి. ఒంటి మీద మచ్చ కనిపించినవారు తగ్గేదాకా సెలవు పెట్టాలి, మొహమాటం పనికిరాదు.

ఆత్మరక్షణ కోసం వచ్చేవారికి నా సలహా పూర్తిగా వేరు. రోడ్డు మీద గార్డులో కూర్చుని స్వీపుల గురించి ఆలోచించకండి. కింద కాంక్రీటు, పైన పిడికిలి, పక్కన అతని స్నేహితుడు. క్లోజ్డ్ గార్డులో అతని తలను మీ ఛాతీకి అదిమిపెట్టి దెబ్బకు చోటు లేకుండా చేయడం, సందు దొరకగానే పాదంతో తుంటిని నెట్టి దూరం పెంచడం, ఒక చేయి వెనక ఆనించి, తుంటి ఎత్తి, కాలు కింది నుంచి వెనక్కి లాగి నిలబడటం. తర్వాత పరుగు. ఈ లేచి నిలబడే పద్ధతిని వెయ్యిసార్లు చేసినవారికి ఇక్కడి మిగతా సంగతులతో పనిలేదు.

ఎలా తేల్చుకోవాలి?

మా పద్ధతి చెబుతాను. ఒక్కో గార్డుకు మూడు వారాలు. ప్రతి సాధనలోనూ ఆ గార్డులోనే మొదలుపెట్టి 5 నిమిషాల ఆట. పైవాడు దాటినా, కిందివాడు తిరగేసినా, ఎవరైనా తట్టినా మళ్లీ మొదటి స్థితికి. అయ్యాక పుస్తకంలో ఒక్క వాక్యం రాయాలి, ఎన్నిసార్లు గెలిచామన్నది కాదు, ఎలా చెదిరిందన్నది. ‘కాలర్ పట్టు పోయింది’, ‘భుజం నేలకు ఆనింది’, ‘వెనక్కి పడ్డాను’. మూడు వారాల తర్వాత చదివితే ఒకే వాక్యం మళ్లీ మళ్లీ కనిపిస్తే మంచిదే, సరిదిద్దాల్సింది ఒక్కటే ఉందన్నమాట. రోజుకో రకంగా చెదిరితే ఆ గార్డు మీ ఒంటికి ఇంకా దూరంగా ఉంది, పక్కన పెట్టండి. ఒక హెచ్చరిక: మాలాంటి చిన్న బృందంలో నెల తిరిగేసరికి అందరికీ మీ ఎత్తు తెలిసిపోతుంది. అప్పుడు ఫలితాలు పడిపోతే గార్డు తప్పనుకోకండి. కొత్తవాడి మీద, లేదా బయట ఊరు వెళ్లినప్పుడు మళ్లీ పరీక్షించండి.

ఆ రొయ్యల తమ్ముడు క్లోజ్డ్ గార్డులోనే స్థిరపడ్డాడు, అతని ట్రయాంగిల్‌కు ఇప్పుడు మా అందరికీ భయం. కాలు మడమ దాకా పోనిచ్చి మోకాలి వెనక మడతలో బిగిస్తాడు, పాదం మీద బిగించే పొరపాటు ఎప్పుడూ చేయడు. గ్రానైట్ అన్నకు గార్డు అంటేనే చిరాకు, “నేను కింద పడితే కదా!” అంటారు. కానీ పోయిన నెల చెన్నైలో తనకంటే బరువైనవాడు దొరికాడు. తిరుగు రైలులో గూడూరు దాటేదాకా మాట్లాడలేదు, తర్వాత మెల్లగా హాఫ్ గార్డు గురించి అడిగారు.

కబడ్డీ కుర్రాడు నేను అనుకున్నట్టు బటర్‌ఫ్లైకి వెళ్లలేదు. కూతకు వచ్చినవాడి చీలమండను పట్టి ఆపడం చిన్నప్పటి నుంచీ అతని చేతికి అలవాటు. హాఫ్ గార్డులో అండర్‌హుక్ దొరకగానే రెండో చేయి దానంతట అదే పైవాడి పాదం వైపు పోతుంది. మేము నేర్పకముందే ఆ స్వీప్ అతనికి వచ్చేసింది. బోర్లా తిరగడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు, పుస్తకంలో వారానికి రెండుసార్లు అదే వాక్యం: ‘మళ్లీ తిరిగాను’.